గ్రీకు మోటారు

మా ఇంట్లో నీళ్ల మోటారుకి ఇన్నాళ్లూ ఆటోమేటిక్ కంట్రోలు మా ఆవిడ గొంతే. డాబా మీద ట్యాంకు నిండి గొట్టంలోంచి ధార పడగానే "ఏవండీ, మోటారూ!" అని కేక పడేది. నేను పరిగెత్తి కట్టేసేవాణ్ణి.

ఆ మధ్య సైబర్నెటిక్స్ గురించి, అంటే యంత్రాలూ ప్రాణులూ తమని తామే అదుపు చేసుకునే తీరు చెప్పే శాస్త్రం గురించి చదివాను. చదవకుండా ఉండాల్సింది. వెంటనే వెళ్లి, ట్యాంకు నిండగానే మోటారుని దానంతటదే ఆపే ఫ్లోట్ స్విచ్చి కొనుక్కొచ్చాను. దానికి మూడు వైర్లు. ఒకటి కామన్, ఒకటి ట్యాంకు నింపడానికి, ఇంకొకటి సంపు ఖాళీ చెయ్యడానికి. ఎలక్ట్రీషియన్ని పిలుద్దామంది మా ఆవిడ. శాస్త్రమే చదివినవాడికి వైరొక లెక్కా?

ఆదివారం పొద్దున్నే బిగించి, కిందికొచ్చి మెయిన్ వేశాను. మోటారు జుయ్యిమంది. ట్యాంకు అప్పటికే నిండుగా ఉందన్న సంగతి ఆ సంబరంలో తట్టలేదు. కాఫీ తాగుతూ పాఠం మొదలెట్టాను.

"1948లో నార్బర్ట్ వీనర్ అనే అమెరికా లెక్కల ప్రొఫెసరు ఈ శాస్త్రానికి పేరు పెట్టాడు. ఆ పేరు పుట్టిన గ్రీకు మాటకి చుక్కాని పట్టేవాడని అర్థం. మన గోదావరి లాంచీలో సరంగన్నమాట. లాంచీ ఎడమకి పోతే కుడికి తిప్పుతాడు, మరీ కుడికి పోతే ఎడమకి. జరిగింది చూసుకుని జరగబోయేది సరిదిద్దుకోవడమే ఫీడ్‌బ్యాక్. ఒళ్లు వేడెక్కితే చెమట పట్టడమూ అదే. అంతకు చాలా ముందు, 1788లోనే, జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి గవర్నర్ అనే తిరిగే గుండ్ల పరికరం బిగించాడు. వేగం పెరిగితే గుండ్లు పైకి లేచి ఆవిరిని తగ్గిస్తాయి."

"గవర్నరంటే రాజ్‌భవన్‌లో ఉండే ఆయనా?"

"నవ్వకు. ఆ మాటా ఈ గ్రీకు సరంగు నుంచి పుట్టిందే."

"పైన ఏదో చప్పుడవుతోందండీ."

"ఫీడ్‌బ్యాక్ గురించి చెబుతుంటే మధ్యలో మాట్లాడకు."

అప్పుడు వినిపించింది, కింది వాటా మామ్మగారి కేక: "ఓరి నాయనో, నా వడియాలు!"

పైకెళ్లేసరికి, పాత చీర మీద పొద్దున్నే పెట్టిన గుమ్మడి వడియాలన్నీ తూము వైపు ప్రయాణంలో ఉన్నాయి. ట్యాంకులో ఫ్లోటు హాయిగా తేలుతోంది, మోటారు హాయిగా తిరుగుతోంది. నింపే వైరు బదులు ఖాళీ చేసే వైరు కలిపాను. నిండితే నడుస్తుంది, ఎండితే ఆగిపోతుంది. తప్పుని సరిదిద్దకుండా ఇంకాస్త పెంచే ఈ రకాన్ని పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు. మామ్మగారికి మాత్రం అందులో పాజిటివ్ ఏమీ కనిపించలేదు.

ఎలక్ట్రీషియన్ వచ్చి ఒక్క వైరు మార్చాడు. రెండు నిమిషాల పని, 300 రూపాయలు. కిలో మినప్పప్పు, ఓ బూడిద గుమ్మడికాయ అదనం.

మోటారు ఇప్పుడు బుద్ధిగా ఆగుతోంది. అయినా మామ్మగారు వడియాల పిండి గిన్నెతో మెట్లెక్కే ముందు మా గుమ్మం దగ్గర ఆగుతారు.

"బాబూ, ఇవాళ ఆ గ్రీకు మోటారు వెయ్యటం లేదు కదా?"