సెస్సు గారూ, ప్రసంగంలో మీ పేరు రాలేదేం?

ఆదాయపన్ను మీద అదనంగా 4 శాతం వసూలు చేసే శ్రీయుత ఆరోగ్య, విద్యా సెస్సు గారికి,

నమస్కారం. మీ క్షేమసమాచారాలు వేరే అడగక్కర్లేదు, ఆఫీసు వాళ్లు పంపిన టాక్స్ షీట్‌లో ఆఖరి వరుసకి ఒక్క మెట్టు పైన మీరు నిక్షేపంగా కూర్చుని ఉన్నారు. అసలు సంగతేంటంటే, బడ్జెట్ రోజున పదకొండింటి నుంచి టీవీ ముందు కూర్చుని ఆర్థికమంత్రి గారి ప్రసంగం మొత్తం విన్నాను. మా వాటా ఎప్పుడూ ప్రసంగం రెండో భాగం, అంటే పార్ట్ బిలోనే కదా. రోడ్లు, రేవులు, మిషన్లు, మధ్యలో ఒక పద్యం, నాలుగు గుక్కల నీళ్లు, ఇవన్నీ అయ్యాక గానీ పన్నుల దగ్గరికి రారు. అయినా సరే విన్నాను. ఆదాయపన్ను గురించి చెప్పినంతసేపూ మీ పేరు ఒక్కసారైనా రాలేదు. 2020లో నిర్మలా సీతారామన్ గారు రెండు గంటల నలభై నిమిషాలు చదివి, ఒంట్లో బాగోక చివర్లో కొన్ని పేజీలు వదిలేశారు చూడండి, మీరు వాటిలో ఉన్నారేమోనని కూడా అనుమానం వచ్చింది నాకు. లేరని తెలుసు. మీరు పెరిగిన ఏడాది తప్ప మీ పేరెత్తరు.

కొత్త పన్ను విధానం స్లాబులు, అంటే ఆదాయాన్ని బట్టి పన్ను శాతాలు, చదివితే వినడానికి ఎంత ముచ్చటగా ఉంటాయో. 5, 10, 15, 20, 25, 30. ఎక్కాల పుస్తకంలోంచి తీసి పెట్టినట్టు. సభలో బల్లలు చరుస్తారు, టీవీలో ఒకాయన తెర మీద లెక్కలు వేసి మీకింత మిగిలిందని అభినందిస్తాడు. తీరా చూస్తే ఆ ఆరింటిలో ఒక్క అంకె కూడా నిజంగా ఎవరూ కట్టేది కాదు. మీరొచ్చి కూర్చున్నాక 5 కాస్తా 5.2, 15 కాస్తా 15.6, 30 అయితే 31.2. ఈ అసలు అంకెలు పార్లమెంటులో ఎవరైనా పైకి చదవగా విన్నారా? నేనైతే వినలేదు. మీరు మా జీతం మీద కూడా పడరు, మేం కట్టే పన్ను మీద పడతారు, పన్నుకి పన్ను అన్నమాట. బాగా ఎక్కువ సంపాదించిన వాళ్లకైతే ముందు మీ అన్నగారు సర్‌చార్జి వేస్తారు, ఆ సర్‌చార్జిని కూడా కలిపి మీరు మళ్లీ 4 శాతం లాగుతారు. ఏం పొందికండీ అన్నదమ్ములది!

మీ జాతకం తీస్తే, 2004లో చిదంబరం గారి చేతుల మీదుగా 2 శాతంగా పుట్టారు, ప్రాథమిక విద్య అన్నారు. సరే, పిల్లల చదువు అన్నాక కాదంటామా. 2007లో ఉన్నత విద్య పేరుతో ఇంకో శాతం. 2018లో ఆరోగ్యాన్ని కూడా కలుపుకుని నాలుగయ్యారు. ఆ 2018 ప్రసంగం మాత్రం నేను చచ్చినా మర్చిపోను. ఉద్యోగులకు జీతంలోంచి నేరుగా తీసేసే మినహాయింపు, 40 వేల స్టాండర్డ్ డిడక్షన్ తిరిగి తెచ్చామన్నారు జైట్లీ గారు, మేమంతా తబ్బిబ్బయ్యాం. అదే చేత్తో రవాణా భత్యం మినహాయింపు 19,200, వైద్య ఖర్చుల మినహాయింపు 15,000 తీసేశారు. కూడికలు తీసివేతలు చేస్తే మాకు నికరంగా దక్కిన మినహాయింపు 5,800. దానికి సంతోషించే లోపే, అదే ప్రసంగంలో, మీరు 3 నుంచి 4కి.

పాత పన్ను విధానంలో పొదుపులకిచ్చే 80సీ మినహాయింపు పరిమితి 2014లో లక్షన్నర దగ్గర ఆగి అక్కడే నిద్రపోతోంది, ఆ సంగతి ఇప్పుడు ఎత్తను. ఉప్పు పాప్‌కార్న్‌కి ఒక జీఎస్‌టీ, పంచదార పాకం పాప్‌కార్న్‌కి ఇంకో జీఎస్‌టీ అని 2024లో దేశానికి పాఠం చెప్పారు, అదీ ఎత్తను. నాకు పని మీతోనే.

మొన్న అబ్బాయి స్కూలు ఫీజు కట్టాను. రసీదు పక్కన పెట్టుకుని టాక్స్ షీట్ చూస్తే తల తిరిగింది. కొత్త పన్ను విధానంలో పిల్లల ట్యూషన్ ఫీజుకి మినహాయింపు లేదు. ఆరోగ్య బీమా ప్రీమియానికి ఉండే 80డీ కూడా లేదు. విద్య అని చెప్పి మినహాయింపు అడిగితే కుదరదంటారు, అదే విద్య పేరు పెట్టుకుని నువ్వు మాత్రం దర్జాగా వచ్చి వసూలు చేసుకుపోతావు! నా కొడుకు చదువుకి డబ్బు నేను కట్టాలి, దానికి మినహాయింపు ఉండదు, పైగా చదువు పేరుతో నీకూ కట్టాలి. ఆసుపత్రి సంగతీ అంతే. (వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్‌టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి ఎత్తేశారు, అది ఒప్పుకుంటాను, థాంక్స్. కానీ అది నీ గొప్ప కాదు.)

పోనీ నా పిల్లాడికి కాకపోయినా సర్కారు బడి పిల్లాడికైనా పోతోందిలే అనుకుందామంటే, ఆ బళ్లూ ఆసుపత్రులూ ఎక్కువగా నడిపేది రాష్ట్రాలు. మామూలు పన్నుల్లో అయితే రాష్ట్రాలకి 41 శాతం వాటా ఇవ్వమని 15వ ఆర్థిక సంఘం చెప్పింది. నువ్వు మాత్రం ఆ పంపకానికి బయట. రాజ్యాంగం 270వ అధికరణలోనే సెస్సుల్నీ సర్‌చార్జిల్నీ పక్కన పెట్టారు కాబట్టి నీలో వాటా అడిగే హక్కు ఏ రాష్ట్రానికీ లేదు, కేంద్రం తన పథకాల ద్వారా ఇస్తే పుచ్చుకోవడమే. మరి కేంద్రమైనా జాగ్రత్తగా దాచిందా? ఉన్నత విద్య పేరుతో అప్పటిదాకా వసూలైంది 83 వేల కోట్లు దాటిందని, అది వేయడానికి ప్రత్యేక నిధి లేదు, ఏ పథకాలకి వాడాలో తేల్చనూ లేదని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2017లో చెప్పింది. పదేళ్ల పాటు కోట్లమంది దగ్గర వసూలు చేశారయ్యా! చందా వసూలు చేసిన కుర్రాళ్లయినా దసరా అయ్యాక ఖర్చుల చిట్టా గోడకి అంటిస్తారు.

వెళ్తావన్న ఆశ కూడా లేదు నాకు. మీ చుట్టం ఒకడుండేవాడు, జీఎస్‌టీ వల్ల రాష్ట్రాలకి తగ్గిన రాబడి పూడ్చడానికి వేసిన జీఎస్‌టీ పరిహార సెస్సు. ఐదేళ్లకని 2017లో వచ్చాడు, 2022 జూన్‌లో వెళ్లాల్సింది, కోవిడ్ కాలపు అప్పు తీర్చాలని 2026 మార్చి దాకా గడువు పొడిగించారు. వాడికి కనీసం ఒక తేదీ అంటూ ఉండేది. నీకు అదీ లేదు.

కాబట్టి ఒక్కటే అడుగుతున్నా. వచ్చే ఫిబ్రవరి ఒకటిన మంత్రిగారు ఎవరున్నా సరే, ఆ స్లాబుల్ని నీతో కలిపి చదవమను. ఐదు పాయింట్ రెండు, పది పాయింట్ నాలుగు, అలా ముప్పై ఒకటి పాయింట్ రెండు దాకా, పార్లమెంటులో, మైకులో, గట్టిగా. ఆ చదివిన దానికి కూడా బల్లలు చరుస్తారేమో చూద్దాం.

ఇట్లు,
టీడీఎస్ పోగా మిగిలిన జీతంతో,
ఒక ఉద్యోగి