శిక్షణ లేదన్నదెవరు?

ల్యాబ్‌లో కనిపెట్టింది పేషెంటు మంచం దాకా చేరాలంటే మధ్యలో కుర్ర పరిశోధకులు ఉండాలట, వాళ్లకు పెద్దలు దగ్గరుండి పని నేర్పాలట, మన దగ్గర అదే జరగడం లేదట. ట్రాన్స్‌లేషనల్ మెడిసిన్ పేరుతో ఈమధ్య కొందరు ఇదే పాట పాడుతున్నారు. ఇంతకన్నా అన్యాయమైన ఆరోపణ ఉండదు. మన మెడికల్ కాలేజీల్లో నేర్పినంత ఇంకెక్కడా నేర్పరు.

మొదటి పాఠం ఓపిక. పీజీ, అంటే పైచదువు చదివే కుర్ర డాక్టరు, తన థీసిస్ ప్రోటోకాల్ (పరిశోధన ప్రణాళిక) పట్టుకుని గైడ్‌గారి గది బయట నిలబడతాడు. "సార్ రౌండ్స్‌లో ఉన్నారు" అంటాడు అటెండర్. రౌండ్స్ అయ్యాక ఓపీ, ఓపీ అయ్యాక మీటింగ్. సాయంత్రం పార్కింగ్ దగ్గర సార్ దొరుకుతారు. "టాపిక్ ఏంటమ్మా నీది?" అని ఆప్యాయంగా అడుగుతారు. ఆ టాపిక్ ఇచ్చింది ఆయనే. పేజీలు తిరగేసే శ్రమ పెట్టకుండా పీజీ చివరి పేజీ తెరిచి కారు బానెట్ మీద పెడతాడు, పెన్ను మూత తీసి అందిస్తాడు. సంతకం అయిపోతుంది. ఇంజన్ వేడికి కాగితం కాస్త వంకర తిరుగుతుంది గానీ పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ అలాంటివి పట్టించుకోదు.

రెండో పాఠం శారీరక దారుఢ్యం. ల్యాబ్‌కీ వార్డుకీ మధ్య పెద్ద అగాధం ఉందని ప్రపంచమంతా బెంగపెట్టుకుంది. దాన్ని పూడ్చడానికి అమెరికా వాళ్లు 2011లో ఎన్‌క్యాట్స్ అని ఏకంగా ఒక జాతీయ కేంద్రమే పెట్టుకున్నారు. మనం పీజీని పెట్టాం. వార్డులో రక్తం తీసేది అతనే, ఐస్ బాక్స్ భుజాన వేసుకుని మూడంతస్తులు ఎక్కేదీ అతనే, శాంపిళ్లు దాచే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ తాళం ఎవరి దగ్గరుందో కనుక్కునేదీ అతనే. కరెంటు పోయిన రాత్రి జనరేటర్ ఆపరేటర్‌ని బతిమాలే విద్య ఏ విదేశీ ఫెలోషిప్‌లోనూ నేర్పరు.

ఆర్థిక శాస్త్రమూ ఉంది. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్‌కు (జూనియర్ రీసెర్చ్ ఫెలోకు) ఇచ్చే ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు. ఏ నెలది ఏ నెలలో పడుతుందన్నది వేరే సంగతి. ఆర్నెల్లది ఒకేసారి పడితే పొదుపు కూడా నేర్పినట్టే కదా.

ఇక పేపర్ మీద పేర్ల విషయం. రచయిత అనిపించుకోవాలంటే నాలుగు అర్హతలు ఉండాలని అంతర్జాతీయ జర్నల్ ఎడిటర్ల కమిటీ నియమం పెట్టింది. మన సార్‌కు నాలుగూ ఉన్నాయి. ఆలోచనలో పాలుపంచుకోవాలి: "ఏదో ఒకటి చెయ్యమ్మా" అన్నది ఎవరు? రాతప్రతిని సవరించాలి: తన ఇంటిపేరు స్పెల్లింగ్ దిద్దారు. తుది ఆమోదం ఇవ్వాలి: వాట్సాప్‌లో బొటనవేలు పెట్టారు. పేపర్‌కు జవాబుదారీగా ఉండాలి: అవార్డు వస్తే తీసుకోవడానికి ఎప్పుడూ సిద్ధమే. నేషనల్ మెడికల్ కమిషన్ (ఎన్ఎంసీ) తప్పనిసరి చేసిన ఆన్‌లైన్ పరిశోధన కోర్సు సంగతి కూడా అంతే. అది అధ్యాపకులకూ ఉంది. సార్ లాగిన్‌లో అసైన్‌మెంట్లు వేళకు పూర్తవుతున్నాయి. పాస్‌వర్డ్ పీజీకి కంఠతా వచ్చు.

ఇదంతా మన దగ్గరే పుట్టిందనుకునేవాళ్లు కాస్త చరిత్ర చదవాలి. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డ్‌లో ఫిస్క్ అనే బయోకెమిస్ట్రీ ప్రొఫెసర్ దగ్గర చేరారు. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి 1925లో వచ్చింది. పేర్ల వరసను గమనించగలరు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను (డీఎన్‌ఏ లాంటివాటికి ఇటుకలవంటి రసాయనాలను) ఫిస్క్ అసూయతో బయటికి రానివ్వలేదని, వేరేవాళ్లు వాటిని మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందని తర్వాత చెప్పింది జార్జ్ హిచింగ్స్, 1988 నోబెల్ విజేత. హార్వర్డ్ సుబ్బారావుకు పర్మనెంట్ ఉద్యోగమూ ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లిపోయారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకు ఇచ్చిన అమినోప్టెరిన్ మందు లెడర్లీలో సుబ్బారావు బృందం చేసిందే. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి, ఆ ఏడాదే సుబ్బారావు పోయారు.

దీన్నిబట్టి గైడ్ ఎంత తొక్కితే శిష్యుడు అంత పైకొస్తాడని తేలుతోంది. ఒక్క కేసుతో సిద్ధాంతం చేస్తారా అని స్టాటిస్టిక్స్ మేడమ్ అడగొచ్చు. మన థీసిస్‌ల శాంపిల్ సైజు చూసినవాళ్లు ఆ ప్రశ్న అడగకూడదు.

కొందరు రోటావ్యాక్ ఉదాహరణ తెస్తారు. రోటావైరస్ వల్ల పిల్లలకొచ్చే విరేచనాలకు టీకా అది. ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన పసికందుల్లో ఆ వైరస్ రకం 1980ల మధ్యలో దొరికింది, హైదరాబాద్‌లో టీకాగా తయారై 2014లో లైసెన్స్ తెచ్చుకుంది, 2016లో ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాల్లో మొదట పిల్లలకు వేశారు. ఇంచుమించు ముప్పై ఏళ్లు ఒకే పనిని అంటిపెట్టుకున్నవాళ్లు ఉండబట్టే అది అయిందని, మూడేళ్ల పీజీకి అలాంటి అవకాశం ఎక్కడిదని వాళ్ల వాదన. మూడేళ్ల తర్వాత డేటా ఏమవుతుందని వాళ్ల దిగులు. ఏమీ కాదు. భద్రంగా ఉంటుంది. బ్లాక్ రెక్సిన్ అట్ట, బంగారు అక్షరాలు, డిపార్ట్‌మెంట్ లైబ్రరీ, అద్దాల బీరువా. బీరువా తాళం మాత్రం ఫ్రీజర్ తాళంతో కలిసి పోయింది.

అయినా విమర్శలను పెద్దమనసుతో స్వీకరించి మా కాలేజీలో మెంటార్‌షిప్ మీద ఒకరోజు వర్క్‌షాప్ పెట్టారు. మెంటార్లందరూ వచ్చారు, జ్యోతి వెలిగించారు, శాలువాలు కప్పుకున్నారు, ఫొటో దిగారు, ఓపీ ఉందని వెళ్లిపోయారు. మంచి మెంటార్ లక్షణాల మీద ఉపన్యాసం సాయంత్రం దాకా సాగింది. శ్రద్ధగా విన్నది పీజీలూ జేఆర్‌ఎఫ్‌లూ. చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారాలు పంచారు. "మీ గైడ్ మీకు తగిన సమయం ఇస్తున్నారా?" అన్నది మొదటి ప్రశ్న. నిర్భయంగా, ఉన్నదున్నట్టు రాయమన్నారు. రాశాక గైడ్ సంతకం చేయించి రేపటిలోగా ఆఫీసులో ఇవ్వాలి.