ఓనరమ్మ గారి గోడ, మా ఇంగువ పోపు

అద్దె ఇంట్లో పొయ్యి వెనక గోడ ఓనర్ది, దాని మీద పడే పసుపు మరక మాత్రం మనది. ఖాళీ చేసే రోజున ఆ మరకే చూపించి, రంగుల ఖర్చని ఒక నెల అద్దె అడ్వాన్సులో కోసేస్తారు. ఎంవీపీ కాలనీలో మేముండే పై వాటా కాస్త పాతది, గట్టు వెనక టైల్స్ లేవు, ఉత్త క్రీమ్ రంగు డిస్టెంపర్. మేకు కొట్టకూడదన్నది మొదటి షరతు. ఆ గోడ పక్కన ఆవాలు చిటపటలాడించాలంటే నాకు రోజూ టెన్షనే, వంకాయ వేపుడు రోజైతే మరీను.

మా ఆయన ఫోన్లో వెతికి వెతికి పాలరాయి డిజైన్ స్టిక్కర్ రోల్ తెప్పించారు. రెండొందల లోపే. పైన అల్యూమినియం పొర, వెనక జిగురు. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఊడదీసుకోవచ్చు అని దాని మీద రాసుంది. ఎప్పుడన్నది స్టిక్కరే నిర్ణయించుకుంటుందని మాత్రం రాయలేదు.

ఇలాంటివి టైల్స్ మీదో, నున్నటి ఎనామిల్ పెయింటు మీదో బాగా పట్టుకుంటాయి. పాత డిస్టెంపర్ గోడని అరచేత్తో రుద్దితే పొడి చేతికంటుకుంటుంది కదా, జిగురు పట్టేది ఆ పొడిని, గోడని కాదు. ఈ సంగతి మా వదిన గాజువాక నుంచి ఫోన్ చేసి మరీ చెప్పింది. పూర్ణా మార్కెట్‌కి వెళ్లి స్టీలు రేకు ముక్క కోయించుకుని గట్టు మీద నిలబెట్టుకోండి, గిన్నెల్తో పాటు తోముకోవచ్చు, ఇల్లు మారితే చంకన పెట్టుకుపోవచ్చు అంది. రేకు పెడితే వంటిల్లు టిఫిన్ బండిలా ఉంటుందట, మా ఆయన ఒప్పుకోలేదు.

ఆదివారం పొద్దున్న అతికించే కార్యక్రమం. ఆయన ఏటీఎం కార్డుతో బుడగలు నొక్కుకుంటూ, "ఆ చివర పట్టుకో, లాగకు, లాగమన్నానా, సరే వదులు, అయ్యో వదిలేశావేంటి" అని నన్ను విసుక్కుంటూ మొత్తానికి అతికించారు. అబద్ధమెందుకు, చాలా అందంగా కుదిరింది. కానీ అసలే వైజాగ్ గాలి, బీరువాలో మడతపెట్టిన బట్టలకే చెమ్మ పడుతుంది, దానికి తోడు కుక్కర్ ఆవిరి. ఇలాంటి స్టిక్కర్లు తీయాలంటే హెయిర్ డ్రయ్యర్ వేడి చూపించండి, జిగురు మెత్తబడుతుంది అంటారు. ఆ పని మా పొయ్యే చేసిపెట్టింది. నాలుగు రోజులు తిరక్కుండానే పై అంచు తల వంచింది. మా ఆయన సెల్లోటేపు వేశారు.

సరిగ్గా నేను సాంబారు పోపు పెడుతున్నప్పుడు ఓనరమ్మ గారు పనసపొట్టు కూర గిన్నె పట్టుకుని మెట్లెక్కి వచ్చారు.

"ఏటమ్మా, పాలరాయే! మేకులు గానీ కొట్టలేదు కదా?"

ఇంగువ చుయ్యిమంది, సెల్లోటేపు టప్పుమంది. ముందు ఆ మూల, తర్వాత ఈ మూల, ఆ తర్వాత సర్రున మొత్తం షీటు మూరెడు వెడల్పు రంగు పెచ్చుతో సహా ఊడొచ్చి సాంబారు గిన్నె మీద బోర్లా పడింది. పొయ్యి కట్టేసి తలెత్తితే గోడ మీద ఎప్పటిదో ఆకుపచ్చ సున్నం, దాని మీద పెన్సిల్ రాత. "పాలు అర లీటరు. 12, 13 నాగా. బండ మార్చింది 4న." దాని కింద, "ఓనర్‌కి మోటారు కరెంటు బాకీ 640."

తిట్లు మొదలవుతాయనుకుని నేను గరిటె పట్టుకుని నిలబడిపోయాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని గోడకి ముక్కు ఆనించి రెండుసార్లు చదివారు.

"ఒక్క రూపాయి బాకీ లేదని దేవుడి పటం మీద ఒట్టేసి ఎళ్లాడమ్మా!"

కూర గిన్నె నా చేతిలో పెట్టి, ఫోన్ తీసి గోడకి ఫొటో కొట్టి, అక్కడే నిలబడి ఆ పాత అద్దెకున్నాయనకి ఫోన్ కలిపారు. సాంబారు గురించి గానీ, ఊడిన రంగు గురించి గానీ ఒక్క మాట లేదు. డబ్బులొచ్చేదాకా గోడకి రంగెయ్యకూడదు, తడిగుడ్డ తగలకూడదు, మరక పడకూడదు, అది సాక్ష్యం అని మాకు ఆర్డర్ వేసి దిగిపోయారు.

ఆ వారంలోనే కొలతలిచ్చి చేయించిన టఫెన్డ్ గ్లాసు పలక వచ్చింది, ఖర్చంతా ఓనరమ్మ గారిదే. మేకు లేకుండా గట్టు మీద నిలబెట్టి గోడకి ఆనించారు. పోపు ఎంత చిందినా ఒక్క తుడుపు. "ఆంటీ, ఆరొందల నలభై కంటే ఈ గాజు..." అని మా ఆయన మొదలుపెట్టబోతే కాలు తొక్కాను.