గెలిచిన ఆటను ఎలా కొట్టివేస్తారు?

2018 మార్చిలో అమెరికాలోని ఒమాహాలో కాన్సస్ యూనివర్సిటీ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు డ్యూక్ యూనివర్సిటీని ఓవర్‌టైమ్‌లో (స్కోరు సమమైతే ఇచ్చే అదనపు సమయంలో) 85-81తో ఓడించింది. ఓవర్‌టైమ్‌లో కాన్సస్ చేసిన 13 పాయింట్లూ మాలిక్ న్యూమన్ ఒక్కడివే. ఇప్పుడు రికార్డులు తిరగేస్తే ఆ విజయం కనబడదు. 2023 అక్టోబరులో అమెరికా కాలేజీ క్రీడల సంఘం (NCAA) తరఫున ఒక స్వతంత్ర కమిటీ ఇచ్చిన తీర్పు ఆ సీజన్‌లోని 15 విజయాలను, ఫైనల్ ఫోర్ (జాతీయ టోర్నమెంటులో చివరి నాలుగు జట్ల దశ) ప్రవేశాన్ని రద్దు చేసింది. పోనీ, డ్యూక్ గెలిచినట్టు రాశారా అంటే అదీ లేదు. డ్యూక్ ఓటమి ఓటమిగానే ఉంది. ఒకరు ఓడారు, గెలిచినవారు మాత్రం లేరు! ఇంత విడ్డూరమైన లెక్క ఏ కరణమూ రాసి ఉండడు.

కారణం అందరికీ తెలిసిందే. అడిడాస్‌తో సంబంధమున్న ఒక వ్యక్తి ఒక ఆటగాడి సంరక్షకుడికి డబ్బు ముట్టజెప్పాడు, కాలేజీ ఆటగాళ్లకు అలాంటి డబ్బు ముట్టకూడదన్నది అప్పటి నియమం, కాబట్టి ఆ కుర్రాడికి ఆడే అర్హత లేదన్నారు. నియమం నియమమే, తప్పు తప్పే. శిక్ష వేయండి, ఎవరు వద్దన్నారు? కానీ జరిగిన ఆట జరగలేదనడం శిక్ష ఎలా అవుతుంది?

ఈ జట్టు చరిత్ర తెలిసినవారికి ఇది ఇంకా ఎక్కువ మండుతుంది. కాన్సస్ మొదటి కోచ్ జేమ్స్ నైస్మిత్, 1891లో ఈ ఆటను కనిపెట్టిన మనిషి. కోచ్‌గా ఆయన లెక్క 55 గెలుపులు, 60 ఓటములు. ఆ యూనివర్సిటీ కోచ్‌లందరిలో గెలుపులకన్నా ఓటములు ఎక్కువున్నది ఆయన ఒక్కడికే. ఆ 60ని ఎవరూ దాచలేదు. పైగా ఇవాళ జట్టు ఆడే కోర్టుకు ఆయన పేరే పెట్టుకున్నారు. ఆ కోర్టున్న భవనానికేమో ఆయన శిష్యుడు ఫాగ్ అలెన్ పేరు. చరిత్రను చరిత్రగా ఉంచడమంటే నాకు తెలిసింది ఇదే.

అయితే కాన్సస్‌వాళ్లూ తక్కువేమీ తినలేదు. 1922, 1923 జాతీయ టైటిళ్లు తమవేనని చెప్పుకుంటారు. అప్పటికి జాతీయ టోర్నమెంటే లేదు, అది మొదలైంది 1939లో. హెల్మ్స్ ఫౌండేషన్ అనే సంస్థ ఏళ్ల తర్వాత వెనక్కి తిరిగి చూసి ఇచ్చిన బిరుదులవి. ఆడకుండా వచ్చిన టైటిళ్లకు బ్యానర్లు, ఆడి గెలిచినదానికి తుడుపు! (ఆ జట్లలో ఉన్న అడాల్ఫ్ రప్ తర్వాత కెంటకీ యూనివర్సిటీకి కోచ్‌గా వెళ్లి అక్కడ సామ్రాజ్యమే కట్టాడు. మొత్తం విజయాల్లో 2022లో కెంటకీని దాటిన కాన్సస్, ఈ తీర్పుతో మళ్లీ ఆ కెంటకీ వెనక్కే పోయింది.)

1988 సంగతి చూడండి. 11 ఓటములతో టోర్నమెంటుకు వచ్చిన జట్టు ఫైనల్లో ఓక్లహోమాను 83-79తో పడగొట్టింది. కాన్సస్ ఆటగాడు డానీ మానింగ్ 31 పాయింట్లు, 18 రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం). కొన్ని నెలలకే ఆటగాళ్లను చేర్చుకోవడంలో అక్రమాలు బయటపడి, మరుసటి ఏడాది టోర్నమెంటు నుంచి నిషేధించారు. అప్పటికే కోచ్ లారీ బ్రౌన్ వెళ్లిపోయాడు, దెబ్బ కొత్తగా వచ్చిన రాయ్ విలియమ్స్ మీద పడింది. అది అన్యాయమే అనుకోండి, కానీ టైటిల్ జోలికి మాత్రం ఎవరూ పోలేదు. మానింగ్ ఆడాడు, గెలిచాడు, రాసి ఉంది.

ఇంకో సంగతి. తీర్పు రావడానికి రెండేళ్ల ముందే, 2021 జూలై నుంచి, కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద ప్రకటనల ద్వారా బాహాటంగా సంపాదిస్తున్నారు. 2025 నుంచి యూనివర్సిటీలే నేరుగా చెల్లించవచ్చు. చాటుగా ఇస్తే నేరమైనది ఇప్పుడు ఒప్పందమైంది. పాత నియమం కింద పాత తప్పుకు శిక్ష వేయవచ్చు, ఒప్పుకుంటాను. జరిమానా వేయండి, కోచ్ బిల్ సెల్ఫ్‌ను కూర్చోబెట్టండి (నాలుగు ఆటలు యూనివర్సిటీయే కూర్చోబెట్టింది), స్కాలర్‌షిప్పులు కోయండి. రికార్డులో ఆ 15 ఆటల పక్కన జరిగిందంతా ఒక వాక్యంలో రాయండి. చదివేవాళ్లు తమకు తోచినట్టు తేల్చుకుంటారు.