చందా సరే, నిలదీత ఏదీ?

యుద్ధాల్లో పోయిన సైనికులను తలుచుకునే మెమోరియల్ డే దగ్గరపడితే చాలు, అమెరికాలో మాజీ సైనికుల బైక్ క్లబ్బుల ఫొటోలు ఎక్కడ చూసినా అవే. తోలు జాకెట్లు, వాటి నిండా ప్యాచ్‌లు, బండి వెనక రెపరెపలాడే జెండాలు. ఆ మనుషులంటే నాకు గౌరవమే. నా పేచీ అల్లా వాళ్లు మానేస్తున్న పని గురించి, అంటే సర్కారును నిలదీయడం గురించి.

ఈ క్లబ్బులకు పేరు తెచ్చిన ర్యాలీ చందాల కోసం పుట్టలేదు. 1988లో వియత్నాంలో పోరాడి వచ్చినవాళ్లు బైకులేసుకుని వాషింగ్టన్ చేరారు. శత్రువుకు చిక్కినవాళ్లు, జాడ తెలియకుండా పోయినవాళ్లు ఏమయ్యారో లెక్క చెప్పమన్నారు. 1965 నుంచి 1968 దాకా ఉత్తర వియత్నాం మీద సాగిన బాంబు దాడులకు సైన్యం పెట్టుకున్న పేరు 'రోలింగ్ థండర్'. అదే పేరు తమ ర్యాలీకి పెట్టుకున్నారు. సర్కారు పేరుతోనే సర్కారు గుమ్మంలో మోత మోగించారన్నమాట. ఆ పొగరు నాకు భలే ఇష్టం.

2005లో కాన్సస్‌లో మొదలైన పేట్రియాట్ గార్డ్ రైడర్స్‌ది మరో తెగువ. సైనికుల అంత్యక్రియల దగ్గరికి వెస్ట్‌బరో అనే ఓ చిన్న చర్చివాళ్లు వచ్చి, దేశం స్వలింగ సంపర్కుల్ని సహించినందుకు దేవుడు వేసిన శిక్షే ఈ చావులంటూ, చనిపోయినవాళ్లను తిడుతూ ప్లకార్డులు పట్టుకునేవారు. కుటుంబం పిలిస్తే ఈ రైడర్లు వెళ్లి, జెండాలు పట్టుకుని అడ్డుగా నిలబడేవారు. కేకలు ఎక్కువైతే ఇంజిన్లు రేజ్ చేసేవారు. ఆ చర్చి నిరసనలు భావప్రకటనా స్వేచ్ఛ కిందికే వస్తాయని 2011లో సుప్రీంకోర్టు 8-1తో తేల్చింది. చట్టం ఆపలేని చోట ఆ మనుషులే గోడయ్యారు.

ఇప్పుడు ఎక్కువగా జరిగేది పోకర్ రన్. ఐదు చోట్ల ఆగుతారు, ఆగిన చోటల్లా ఒక పేకముక్క తీసుకుంటారు, చివర్లో మంచి ముక్కలు పడ్డవాడికి బహుమతి. పోగైన డబ్బు ఏ వితంతువు ఇంటి అద్దెకో, పిల్లల చదువుకో వెళుతుంది. అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం తరఫున 1993లో మిషిగన్‌లో పుట్టిన అమెరికన్ లీజియన్ రైడర్స్ అయితే స్కాలర్‌షిప్పుల కోసం ఏటా దూరప్రయాణమే కడతారు. మంచి పనే, కాదనను. కానీ ఇదంతా జరుగుతున్న ఏళ్లలోనే ప్రభుత్వం ఏం చేసిందో చూడండి.

తాను పోయాక భార్యకు నెలనెలా కొంత అందాలని సైనికుడు తన పెన్షన్‌లోంచి ప్రీమియం కట్టుకునే పథకం ఒకటుంది. 1972 నాటిది. సర్వీసులో తగిలిన గాయం వల్లో, వచ్చిన జబ్బు వల్లో అతను చనిపోతే, మాజీ సైనికుల శాఖ నుంచి ఆమెకు విడిగా పరిహారం వస్తుంది. రెండూ ఆమె హక్కే. అయినా ఒక చేత్తో ఆ పరిహారం ఇచ్చి, రెండో చేత్తో అంత మొత్తాన్నీ పెన్షన్ పథకం డబ్బులోంచి కోసేశారు. డాలరుకు డాలరు. బాధితులు దీనికి 'విడో ట్యాక్స్' అని పేరు పెట్టారు. ఇది రద్దయింది 2019 డిసెంబరులో వచ్చిన చట్టంతో, పూర్తిగా పోయింది 2023లో. అప్పటిదాకా సర్కారు కోసుకున్న డబ్బును రైడర్లు పేకముక్కలు తీసి పూడుస్తూ వచ్చారు! ఇలాంటి దాన్ని దానం అనడానికి నాకు నోరు రాదు. అది సర్కారు బాకీని పక్కింటివాళ్లు తీర్చడం.

క్లబ్బులకు రాజకీయాలెందుకు అంటారు కొందరు. అద్దె గడువు ముంచుకొస్తున్న ఇల్లాలు చట్టం వచ్చేదాకా ఆగలేదు కదా అనీ అంటారు. నిజమే, చందా ఆపమని ఎవరన్నారు? చందా డబ్బాతో పాటు అర్జీ కూడా పట్టుకెళ్లమంటున్నాను, అంతే.

అసలు చిక్కు ఇంకా లోతుగా ఉంది. 1973లో నిర్బంధ సైనిక సేవ ఆగిపోయాక యుద్ధం కొన్ని ఇళ్ల వ్యవహారమైపోయింది. మిగతా దేశానికి అది టీవీలో వచ్చే వార్త. కొడుకును పంపే టెన్షన్ లేని సమాజం కృతజ్ఞత మాత్రం ధారాళంగా పంచుతుంది. విమానాశ్రయంలో చప్పట్లు, స్టేడియంలో నిమిషం మౌనం. చప్పట్లకు బడ్జెట్ అక్కర్లేదు. రైడ్ ఎంత అందంగా సాగితే, రోడ్డు పక్కన నిలబడి చెయ్యూపినవాడికి తన వంతు అయిపోయిందన్న తృప్తి అంతగా దొరుకుతుంది. పాలకులకు కావాల్సిందీ అదే.

అడిగితే పని అవుతుందనడానికి దాఖలా ఉంది. యుద్ధ క్షేత్రాల్లో చెత్త తగలబెట్టిన గుంటల పొగ పీల్చి జబ్బుపడినవాళ్ల కోసం తెచ్చిన పాక్ట్ బిల్లు 2022 జూలై చివర్లో సెనేట్‌లో ఆగిపోయింది. మాజీ సైనికులు కాంగ్రెస్ భవనమైన క్యాపిటల్ మెట్ల మీదే రాత్రీ పగలూ బైఠాయించారు. ఆగస్టు 2న అదే సెనేట్ 86-11తో ఆమోదించింది.

ఇప్పుడు మేజర్ రిచర్డ్ స్టార్ అనే సైనికాధికారి పేరుతో ఇంకో బిల్లు కాంగ్రెస్‌లో ఏళ్ల తరబడి నలుగుతూ వస్తోంది. యుద్ధంలో గాయపడి, 20 ఏళ్ల సర్వీసు నిండకుండానే బయటికి రావాల్సి వచ్చినవాళ్లకు వైకల్య భత్యం ఇస్తూ, అంత మేరకు పెన్షన్‌లో కోత పెడుతున్నారు. అదే పాత కత్తెర. క్లబ్బులు వచ్చే రైడ్‌ను ఏ సెనేటర్లు ఈ బిల్లుకు అడ్డుపడుతున్నారో వాళ్ల సొంత రాష్ట్రాల్లోనే పెట్టాలి. వాళ్ల ఆఫీసుల ముందే ఆగాలి, ఇంజిన్లు ఆపకుండా.