మన తెలుగాయన ఉండి కూడా ఓడిపోయామా?

మొన్న సంక్రాంతి పాట్‌లక్‌లో ఒక మిత్రుడు పులిహోర ప్లేటు పట్టుకుని నా పక్కన కూలబడి అడిగాడు: "బంగ్లాదేశ్‌తో సముద్రం హద్దు కేసులో ఇండియా తరఫున కూర్చున్నది మన తెలుగాయనే కదా? ఆయన ఉండి కూడా ఓడిపోయామేం?"

ఆయన పేరు పెమ్మరాజు శ్రీనివాసరావు. ఇంటిపేరు వింటే చాలు, ఇంకేం అడగక్కర్లేదు. ఎక్కడ తెలుగు పేరు కనిపించినా దండ వేసేసే అలవాటు మనది, ఆ మురిపెం నాకూ ఉంది. కానీ ఆయన అక్కడ ఇండియా లాయరుగా కూర్చోలేదు, తీర్పు చెప్పే మధ్యవర్తుల్లో ఒకరిగా కూర్చున్నారు. సముద్ర చట్టంపై ఉన్న ఐక్యరాజ్యసమితి ఒప్పందం ప్రకారం ఐదుగురు మధ్యవర్తులు ఉంటారు. చెరొకరిని రెండు దేశాలూ ఎంచుకుంటాయి, మిగతా ముగ్గురు వేరే దేశాలవాళ్ళు. ఎంచుకున్న దేశం పక్షాన వాదించడం ఎవరి పనీ కాదు.

బంగ్లాదేశ్ 2009 అక్టోబరులో కేసు వేసింది. 2014 జూలై 7న తీర్పు వచ్చింది. తగాదాలో ఉన్న సుమారు 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు వెళ్ళాయి. మా మిత్రుడు ఓటమి అన్నది ఈ అంకె చూసే. అయితే మ్యాపు ముందు పెట్టుకుంటే కథ వేరేలా కనిపిస్తుంది. బంగ్లాదేశ్ తీరం లోపలికి వంగి ఉంటుంది. రెండు తీరాలకూ సమదూరంలో గీత గీసుకుంటూ పోతే, ఇటు మన గీతా అటు మయన్మార్ గీతా ముందుకెళ్ళి ఆ దేశం గొంతు నొక్కేస్తాయి. అందుకని గీతను కాస్త పక్కకు తిప్పారు. భూసరిహద్దు ఎక్కడ ముగుస్తుంది, తీరానికి దగ్గర్లో గీత ఎలా వెళ్ళాలి అన్నవాటిలో శ్రీనివాసరావు గారు మిగతావాళ్ళతో కలిశారు. ఆ పైన గీతను తిప్పిన కోణం దగ్గర మాత్రం ఒప్పుకోక విడిగా అభిప్రాయం రాశారు. నలుగురు ఒకవైపు, ఆయనొక్కరూ ఒకవైపు.

ఇందులో నాకు బాగా నచ్చే ముచ్చట దీవిది. 1970 తుపాను తర్వాత హరియాభంగా నది సముద్రంలో కలిసే చోట ఇసుక మేట వేసి ఒక దీవి తేలింది. మనం న్యూమూర్ అన్నాం, వాళ్ళు దక్షిణ తల్పట్టి అన్నారు. 1981లో మన నౌకాదళం వెళ్ళి జెండా పాతింది. ఇంత గొడవా జరిగాక 2010 నాటికి దీవి మునిగిపోయింది! 2013 అక్టోబరులో మధ్యవర్తులు స్వయంగా ఆ ప్రాంతానికి వెళ్ళి చూశారు. చివరికి గీత పడ్డాక ఆ చోటు ఇండియా వైపుకే వచ్చింది. దీవి లేదు, నీళ్ళున్నాయి.

ఇంకో విచిత్రం కూడా ఉంది. బాగా లోపల, సముద్రంలో ఒక ముక్కకి పైన నీళ్ళ మీద, చేపల మీద హక్కు ఇండియాది, అడుగున నేల మీద హక్కు బంగ్లాదేశ్‌ది. మేడ మీద ఒకరు, కింద ఒకరు.

ఢిల్లీ ఈ తీర్పును ఒప్పుకుంది. నా లెక్కలో ఈ మధ్య కాలంలో మన విదేశాంగం చేసిన గట్టి పనుల్లో ఇదొకటి. రెండేళ్ళకి, 2016 జూలైలో, ఫిలిప్పీన్స్ పెట్టిన కేసులో దక్షిణ చైనా సముద్రం మీద తీర్పు వస్తే చైనా అది చెల్లనే చెల్లదంది. ఆ సముద్ర చట్టం ఒప్పందాన్ని అందరూ గౌరవించాలని అప్పుడు ఇండియా అనగలిగిందంటే, అంతకు ముందే తన నీళ్ళు వదులుకుని చూపించింది కాబట్టి.

మరి పడమటి వైపు, పాకిస్తాన్‌తో, మనం అలా మధ్యవర్తులతో గీత ఎందుకు గీయించుకోం?

మాది శ్రీకాకుళం జిల్లాలో ఎచ్చెర్ల వైపు. జెట్టీలు సరిగా లేక, అక్కడ వేట గిట్టుబాటు కాక మా మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి బోట్ల మీద కళాసీలుగా పనిచేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్ళినవాళ్ళను పాకిస్తాన్ పట్టుకుపోయింది. పదమూడు నెలలు దాటాక, 2020 జనవరిలో ఇరవై మంది ఆంధ్ర మత్స్యకారులు వాఘా దగ్గర ఇవతలకి వచ్చారు. వాళ్ళలో మా వైపు ఊరైన డి.మత్స్యలేశం వాళ్ళున్నారు. ఆ రోజుల్లో మా అమ్మ ఫోన్లో అంది: "అంత సముద్రంలో గీతెక్కడుందో మనోళ్ళకేటి తెలుస్తాదిరా?"

మనోళ్ళకే కాదమ్మా, ఎవరికీ తెలీదు. అక్కడ గీత లేదు.

కచ్, సింధ్ మధ్య సర్ క్రీక్ అని 96 కిలోమీటర్ల ఉప్పునీటి పాయ ఉంది. 1914 నాటి బొంబాయి ప్రభుత్వ తీర్మానం చూపించి తూర్పు గట్టు దాకా మాదే అంటుంది పాకిస్తాన్. పడవలు తిరిగే పాయ గనక నడి మధ్యలో హద్దు అంటుంది ఇండియా. పాయ సముద్రంలో కలిసే చోటే జల సరిహద్దు మొదలవ్వాలి. అక్కడ మొదలు కాస్త జరిగితే, లోపలికి పోయేకొద్దీ వెడల్పు విపరీతంగా పెరుగుతుంది. పత్రికలు అంతర్జాతీయ జల సరిహద్దు అని రాసేస్తాయి గానీ, ఇద్దరూ సంతకం పెట్టిన గీత ఈ రోజుకీ లేదు.

పాకిస్తాన్‌తో మూడో మనిషి వద్దన్నది 1972 సిమ్లా ఒప్పందం నుంచి మన పట్టు. దాని వెనక 1968 చేదు కూడా ఉందని నా అనుమానం. రణ్ ఆఫ్ కచ్ మీద మధ్యవర్తుల తీర్పులో దాదాపు 90 శాతం మనకే వచ్చింది. మిగిలిన పదీ ఇచ్చినందుకు పార్లమెంటులో రచ్చ అయింది. అప్పట్లో తగాదాను రణ్ వరకే పరిమితం చేసుకోబట్టి క్రీక్ బయటే ఉండిపోయింది.

గీత ఉంటే మాత్రం అరెస్టులు ఆగుతాయా అంటారు. ఆగవు. లంక వైపు 1974 నుంచీ గీత ఉంది, రామేశ్వరం వాళ్ళు పట్టుబడుతూనే ఉన్నారు. కానీ గీత ఉన్న చోట బోటు దాటిందో లేదో జీపీఎస్ చూసి వాదించొచ్చు. లేని చోట వాదించడానికేముంది?

కొలతల పని కూడా అయిపోయింది. 2007లో రెండు దేశాలూ కలిసి క్రీక్‌ను సర్వే చేశాయి. వచ్చే మన ప్రవాస తెలుగు మహాసభలకు ఢిల్లీ నుంచి ఎవరో ఒక మంత్రి వస్తారు. ఓసీఐ కార్డు గురించి, డైరెక్ట్ ఫ్లైట్ల గురించి మీరు ఎలాగూ అడుగుతారు. మైకు నా దాకా వస్తే నేను సర్ క్రీక్ గురించి అడుగుతాను.