లైటే కదా అనుకుంటే ఎలా?

పోయిన నెల మా అక్క ఫోన్ చేసింది. మేనకోడలికి తొమ్మిదేళ్లు. ఏడాది తిరిగేసరికి సైటు మైనస్ ఒకటిన్నర నుంచి మూడు దగ్గరికి వచ్చేసింది, అక్కకి ఒకటే టెన్షన్. చుట్టాలెవరో వాట్సాప్‌లో వీడియో పంపారట. బల్ల మీద చిన్న డబ్బా, పాప దానికి రెండు కళ్లూ ఆనించి లోపలి ఎర్ర వెలుగు చూస్తూ కూర్చుంటుంది, పొద్దున మూడు నిమిషాలు, సాయంత్రం మూడు నిమిషాలు, అంతే. "మందూ కాదు మాకూ కాదు, లైటే కదరా, తెప్పిస్తే ఏం పోతుంది?" అంది.

ఆ "లైటే కదా" దగ్గరే నాకు పేచీ. కాంతితో వైద్యం ఉత్తదేం కాదు. ఉత్తదైతే ఇంత భయపడక్కర్లేదు కూడా.

1967లో బుడాపెస్ట్‌లో ఎండ్రె మెష్టర్ అనే డాక్టర్ ఎలుకల వీపు గొరిగి, తక్కువ శక్తి ఉన్న ఎర్ర లేజర్ వేసి చూస్తే, ఆ వెలుగు తగిలిన ఎలుకలకు వెంట్రుకలు తొందరగా మొలిచాయి. ఈ వైద్యం మొదలైంది అక్కడే. ఎర్ర కాంతి, దాని పక్కనే కంటికి కనిపించని పరారుణ కాంతి, కణాల్లోని మైటోకాండ్రియా దాకా వెళ్తాయి. అక్కడి ఒక ఎంజైమ్ ఆ కాంతిని పీల్చుకుని, కణానికి శక్తి తయారయ్యే పనిని చురుగ్గా నడిపిస్తుందని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. కాకపోతే మోతాదు తగ్గితే ఏమీ జరగదు, పెరిగితే చేసిన మేలు పోయి కీడు మొదలవుతుంది. ఇలా పనిచేసేదాన్ని మందు అనక ఏమంటాం?

ఇది బాగా నిలదొక్కుకున్న చోటు కన్ను కాదు, నోరు. తల, మెడ క్యాన్సర్లకు రేడియేషన్ ఇచ్చినప్పుడు నోరంతా పుండ్లు పడి గంజి కూడా దిగదు. ఆ పుండ్లు రాకుండా ఈ కాంతి వాడమని క్యాన్సర్ వైద్యుల అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. గుట్కా నమిలేవాళ్లు, ఉత్తరాంధ్ర పల్లెల్లో అడ్డపొగ (చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని) తాగి అంగిట్లో క్యాన్సర్ తెచ్చుకున్న ఆడవాళ్లు ఉన్న మన దగ్గర దీని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ, యూట్యూబ్‌లో మాత్రం ఈ లైటుతో జుట్టు మొలిపించే టోపీల గొడవే.

ఇక కంటి సంగతి. వయసు మీద పడ్డాక రెటీనా (కంటి లోపల వెనక, కాంతిని పట్టే పొర) మధ్య భాగం పాడయ్యే డ్రై ఏఎండీ అనే జబ్బుకి, ఈ కాంతినే వాడే వాలెడా అనే పరికరాన్ని 2024 నవంబర్‌లో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. దీనికి ఆధారంగా నిలిచిన లైట్‌సైట్ 3 పరీక్షలో 100 మంది రోగులు ఉన్నారు. 13 నెలల తర్వాత చార్టు మీద వైద్యం తీసుకున్న కళ్లు సగటున 5.4 అక్షరాలు ఎక్కువ చదివితే, పోల్చి చూడ్డానికి ఉత్తుత్తి వెలుగు వేసిన కళ్లు కూడా 3 అక్షరాలు ఎక్కువ చదివాయి. చార్టులో ఒక వరుసకి ఐదు అక్షరాలు, అంటే అసలు తేడా అరవరుస. వేరే దారి పెద్దగా లేని జబ్బు కాబట్టి ఆ అరవరుసనీ నేను తీసిపారేయను, కానీ "చూపు తిరిగొచ్చింది" అని ప్రచారం చేస్తే మాత్రం ముసలివాళ్లను మోసం చేసినట్టే.

పిల్లల సైటు లెక్క వేరు, ఇక్కడ ఫలితం నిజంగా పెద్దది. చైనాలో 8 నుంచి 13 ఏళ్ల పిల్లలు 264 మందితో చేసిన పరీక్ష 2022లో అచ్చయింది. సైటు పెరగడమంటే కనుగుడ్డు పొడవు సాగడం. ఏడాదిలో మామూలు కళ్లజోడు పిల్లలకు అది 0.38 మిల్లీమీటర్లు సాగితే, ఎర్ర లైటు చూసినవాళ్లకు 0.13 మాత్రమే. ఈ అంకెలు చూస్తే ఏ తల్లికైనా ఆశ పుడుతుంది, అక్కని తప్పుపట్టలేను.

అయితే 2023లో చైనా నుంచే ఇంకో సంగతి బయటికొచ్చింది. పన్నెండేళ్ల అమ్మాయి, ఐదు నెలలు ఈ వైద్యం తీసుకున్నాక రెండు కళ్లలోనూ చూపు తగ్గింది. స్కాన్ తీస్తే రెటీనాలో సరిగ్గా చూపుకి కేంద్రమైన చోటే, కాంతిని పట్టే కణాల పొర దెబ్బతింది. మానేశాక కొంత కోలుకుంది, పూర్తిగా కాదు. తర్వాత హ్యూస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు ఇలాంటి పరికరాలను కొలిచి చూస్తే, మూడు నిమిషాల్లోనే కంటికి సురక్షితమనే పరిమితిని అందుకుంటున్నాయి, దాటుతున్నాయి కూడా. పైగా వైద్యం ఆపేస్తే కనుగుడ్డు మళ్లీ జోరుగా సాగుతోంది. అంటే ఏళ్ల తరబడి, రోజుకి రెండుసార్లు, ఎదిగే పిల్ల కళ్లలోకి లేజర్. చైనాయే భయపడి 2024 జులై నుంచి వీటిని అత్యంత కట్టుదిట్టమైన మూడో తరగతి వైద్య పరికరాల్లోకి మార్చింది.

మన దగ్గర 2017 నిబంధనల ప్రకారం వైద్య పరికరాలు ఏ నుంచి డీ దాకా నాలుగు తరగతులు, డీ అంటే అన్నిటికన్నా ప్రమాదం ఎక్కువున్నవి. పిల్లల కళ్లలోకి వెలుగు వేసే ఏ డబ్బానీ సీ కంటే కింద పెట్టకూడదని నా వాదన. డాక్టర్ చీటీ లేకుండా ఆన్‌లైన్‌లో అమ్మనివ్వకూడదు. రెటీనా స్కాన్ తీయకుండా మొదలుపెట్టకూడదు, మొదలుపెట్టాక మధ్యమధ్యలో తీయకుండా కొనసాగించకూడదు. తల్లిదండ్రుల తెలివికి వదిలేద్దామంటే కుదరదు, రెటీనా దెబ్బతింటే నొప్పి పుట్టదు, కన్ను ఎర్రబడదు, పిల్లకి చెప్పుకోవడానికే ఏమీ ఉండదు.

అక్కకి ఇదంతా ఒక గంట చెప్పాను. మధ్యలో కోప్పడింది, "అయితే చూస్తూ కూర్చోమంటావా?" అని. కూర్చోనక్కర్లేదు. సైటు జోరు తగ్గించే తక్కువ మోతాదు ఆట్రోపిన్ కంటి చుక్కలు ఉన్నాయి, అదే పని చేసే ప్రత్యేక కళ్లద్దాలు ఉన్నాయి. బయటి వెలుతురు ఉంది. తైవాన్ 2010 నుంచి బడిపిల్లల్ని రోజుకి 120 నిమిషాలు ఆరుబయట గడిపించడం మొదలుపెట్టాక, ఏటేటా పెరుగుతున్న చూపు సమస్య తగ్గుముఖం పట్టింది. ఆరుబయట ఆట సైటు రాకుండా చేసినంత బాగా, వచ్చినదాన్ని ఆపలేదు, ఆ మాట కూడా అక్కకి దాచకుండా చెప్పాను.

పిల్లల కంటి డాక్టర్ దగ్గర కనుగుడ్డు పొడవు కొలిపించారు, రాత్రి పడుకునే ముందు చుక్క వేస్తున్నారు. ఆరు నెలలకి మళ్లీ కొలవాలి. సాయంత్రం ట్యూషన్ మాన్పించింది అక్క, ఆ టైంలో పాప అపార్ట్‌మెంట్ కింద షటిల్ ఆడుతోంది.